చదివేవాడికి కాయ లేదు

మూడో పోటుకి కూడా కొబ్బరికాయ పీచు డొక్క వీడలేదు. రాఘవులు కాయను గునపం మీంచి పెరికి, చేతుల్లో తిప్పి, ఈసారి పిలక పక్కనుంచి దించాడు. గునపం నేలలో పాతి ఉంటుంది, మోకాలికి కాస్త పైదాకా, మొన ఆకాశం వైపు. కాయను రెండు చేతులా పట్టుకుని ఒంటి బరువంతా వేసి దానిమీద పొడవాలి. పొడిచి పక్కకి విరవాలి. పట్టు అంగుళం జారిందంటే మొన అరచేతిలో దూరి అవతలికి వస్తుంది. పక్క గునపం కృపానందానికి పదేళ్ల కిందట అలాగే వచ్చింది. ఎడమచేతి వేళ్లు రెండు అప్పటినుంచీ ముడుచుకునే ఉన్నాయి. ఆ వేళ్ల మధ్యే బీడీ పెట్టుకుంటాడు. గాలికి ఆరదంటాడు.

అయిదో పోటుకి డొక్క ఊడింది. రాఘవులు కాయను తన రాశి మీదకి విసిరి, నోరు తెరిచి ఊపిరి తీసుకున్నాడు. లోపలెక్కడో పీచు రాచుకున్నట్టు చప్పుడైంది.

"బాబాయ్, కాయని ఒలుస్తున్నావా, బతిమాలుతున్నావా?" అన్నాడు చిన్నబ్బాయి చెయ్యి ఆపకుండా.

"నీలాగ పొడిస్తే లోపల నీళ్లు జడుసుకుంటాయిరా," అన్నాడు రాఘవులు.

చిన్నబ్బాయికి పాతికేళ్లు. రెండు పోట్లకి కాయ ఒలుస్తాడు. మూడోది అతనికి అక్కర్లేదు. సాయంత్రానికి పన్నెండొందలు దాటిస్తాడు. రాఘవులు ఒకప్పుడు పద్నాలుగొందలు ఒలిచినవాడే. ముప్పయ్యేళ్లు పీచు దుమ్ము మింగాక ఇప్పుడు ఆరొందలకి వచ్చాడు. మిగతావాళ్లకి వెయ్యికి తక్కువ కాకూడదు. అది ఆ కొట్టు కట్టుబాటు.

అంబాజీపేటకి కూతవేటు దూరంలో, కాలవగట్టు మీద ఉంది ఆ కొబ్బరి కొట్టు. పదకొండు గునపాలు, పదకొండుమంది మనుషులు, డొక్కలు ఎత్తడానికి సత్యనారాయణమ్మ. వారానికి మూడు లారీలు ఉత్తరాదికి వెళ్తాయి. రాఘవులు పడుకునేది కూడా గట్టు మీదే, నాలుగు తాటాకుల కింద. తొంభయ్యారు తుపానులో గోడ పడి భార్య వీరాయమ్మ పోయింది. గోడ తీసేసరికి ఆవిడ చెయ్యి ఒక్కటే చెక్కుచెదరకుండా ఉంది. గాజులు కూడా పగల్లేదు. ఆ సంగతి రాఘవులు ఎవరికీ చెప్పలేదు. మూడేళ్లయింది.

ఆరొందలు ఒలిచేవాణ్ణి కొట్లో ఎందుకు ఉంచుకున్నారంటే, పుస్తకం వల్ల.

కిందటేడు నుంచి అమలాపురం బస్టాండులో నెలకొకటి చొప్పున ఒక చిన్న పుస్తకం వస్తోంది. పేరు 'లంక సింగన్న'. అట్ట మీద ఏరు, ఏటిలో కత్తి. అది మొదటినుంచి చివరిదాకా చదువుకుపోయే పుస్తకం కాదు. ప్రతి పేరాకీ ఒక అంకె ఉంటుంది. పేరా చివర రెండు దారులుంటాయి. 'సింగన్న తలుపు తడితే 14 చూడండి. పెరటి గోడ దూకితే 27 చూడండి.' చదివేవాడు ఎన్నుకున్న దారినే సింగన్న వెళ్తాడు. దెబ్బ తింటే చదివేవాడివల్లే తింటాడు.

ఆ కొట్లో అయిదో తరగతి దాటినవాడు రాఘవులు ఒక్కడే. అతను చదువుతాడు, పదిమందీ ఒలుస్తూ వింటారు. దారులు రెండూ చదివాక ఒక్కొక్కడూ అప్పుడే ఒలిచిన కాయను విసురుతాడు. మొదటి దారికి కుడివైపు, రెండో దారికి ఎడమవైపు. ఎటు ఎక్కువ పడితే కథ అటు. పడిన కాయ తియ్యకూడదు. వెళ్లిన దారినుంచి వెనక్కి రాకూడదు. మూడో కట్టుబాటు కృపానందం పెట్టాడు, చదివేవాడికి కాయ లేదని. పేజీ తిప్పేవాడి కంటికి అవతలిది ఆనుతుంది కాబట్టి అతను ఎటూ వెయ్యకూడదు. దానికి బదులుగా, అతను చదువుతున్నంతసేపూ ప్రతివాడూ పది కాయలకొకటి రాఘవులు రాశిలో వెయ్యాలి. అలా అతని ఆరొందలు వెయ్యయ్యేవి. చదువు నడుస్తుంటే ఎవడూ బీడీకి లేవడు. అందుకని మేస్త్రీ కూడా కళ్లు మూసుకున్నాడు.

కొట్టు కొట్టుకీ సింగన్న వేరు. అల్లవరం రొయ్యల చెరువుల కాపలావాళ్ల సింగన్నకి ఒక కన్ను పోయింది. రావులపాలెం అరటి మార్కెట్లో గెలలు మోసేవాళ్ల సింగన్నకి పెళ్లయింది. వీళ్ల సింగన్నకి రెండు కళ్లూ ఉన్నాయి, పెళ్లాం లేదు. పదకొండు పుస్తకాల్లో పంతొమ్మిదిమందిని చంపాడు. 'వదిలేస్తే' అన్న దారి వచ్చినప్పుడల్లా రాఘవులు ఒక్క నిమిషం ఆగి చదివేవాడు. ఏడాదిలో ఒక్కసారి కూడా అటు ఎక్కువ కాయలు పడలేదు. పీక కోయడానికీ, వదిలెయ్యడానికీ మధ్య ఎవడూ చెయ్యి ఆపి ఆలోచించినట్టు కూడా కనపడలేదు.

తొమ్మిదో పుస్తకంలో మునసబు సింగన్న చేతికి చిక్కాడు. సింగన్న అన్నని కొట్టి చంపించినవాడు. నరికేస్తే 33. చిన్నబ్బాయి విసిరిన కాయ రాశి మీద పడి పగిలి, నీళ్లు చింది సత్యనారాయణమ్మ చీర మీద పడ్డాయి. చిన్నబ్బాయి నాన్న కామందుల తోటలో ఒక కొబ్బరి గెల దించుకున్నందుకు, ఆయన్ని బండి చక్రానికి కట్టేసి పచ్చి మట్టలతో కొట్టారు. అప్పుడు చిన్నబ్బాయికి ఆరేళ్లు, చక్రం పక్కనే ఉన్నాడు. నాన్న మూడు నెలలు నెత్తురు కక్కుకుని పోయాడు. కొట్టినవాళ్లు ఇంకా బతికే ఉన్నారు. ఇప్పటికీ ఎదురైతే చిన్నబ్బాయి సైకిలు దిగుతాడు.

సోమవారం మేస్త్రీ రాఘవులుని పక్కకి పిలిచాడు.

"పన్నెండో పుస్తకం ఆఖరంట కదా. అప్పటిదాకా ఎలాగో లాగిద్దాం. తరవాత నీ వెయ్యి నువ్వు ఒలుచుకోవాలి రాఘవులూ. లేకపోతే ఆ గునపానికి ఇంకో మనిషిని చూడమన్నారు షావుకారు గారు."

"ఆయ్," అన్నాడు రాఘవులు.

నిన్న సాయంత్రం అమలాపురం వెళ్లి పన్నెండోది కొన్నాడు. ఏడాదిగా చెయ్యని పని చేశాడు. వంతెన గోడ మీద కూచుని, పొద్దుండగానే మొత్తం చదివేశాడు. పదమూడోది వస్తుందని చివరెక్కడైనా వేశారేమోనని చూశాడు. లేదు. వేలు పెట్టి ఒక్కొక్క దారీ వెంట వెళ్లాడు. ఏటిలో దూకినా, అడవిలో దాగినా, లొంగిపోయినా, తిరగబడినా అన్ని దార్లూ అరవైకే వస్తున్నాయి. అరవైలో సింగన్న చచ్చిపోతాడు. రాసినాయన ఎవరో, ఒక్క కంత కూడా వదల్లేదు.

పదింటికి టీ వచ్చింది. గ్లాసులు కింద పెట్టి పదిమందీ రాఘవులు వైపు చూశారు. అతను లుంగీ మడతలోంచి పుస్తకం తీశాడు.

చదువు మొదలైంది. మునసబు కొడుకులు ముగ్గురు లంకంతా చుట్టుముట్టారు. రెల్లుగడ్డికి నిప్పు పెట్టారు. సింగన్న ఒకణ్ణి కొడవలితో మోకాళ్ల దగ్గర నరికాడు. అప్పుడు కుడివైపు తొమ్మిది కాయలు పడ్డాయి. నరికినవాణ్ణి మంటలోకి తోశాడు. అప్పుడు పదీ ఒకేవైపు పడ్డాయి. కాయలు రాశిమీద పడుతున్న చప్పుడు గబగబా వినిపించింది. పోట్లు కూడా జోరందుకున్నాయి. కొత్తగా ఒకడు వచ్చి చేరాడనీ, ఇంకా ముగ్గురు మిగిలారనీ చదివి, రాఘవులు ఆగి దగ్గాడు.

"దగ్గు తరవాత దగ్గుకో బావా. ముందు ఆణ్ణి ఒడ్డెక్కించు," అన్నాడు కృపానందం.

సింగన్న రేవుకొచ్చాడు. భుజం తెగింది. వెనక ముగ్గురు వస్తున్నారు. రేవులో ఒక పడవ ఉంది.

"పడవెక్కి పోతే యాభై ఎనిమిది. రేవులోనే నిలబడి తిరగబడితే యాభై తొమ్మిది."

"నిలబడతాడు," అన్నాడు చిన్నబ్బాయి, ఎడమవైపు కాయ విసిరి.

"భుజం తెగినోడు ముగ్గురితో ఏం నిలబడతాడ్రా? బతికుంటే రేపు చూసుకోవచ్చు," అని కృపానందం కుడివైపు వేశాడు.

సత్యనారాయణమ్మ గంప దించి లెక్కపెట్టింది. కుడివైపు అయిదు, ఎడమవైపు అయిదు. ఏడాదిలో ఎప్పుడూ అలా పడలేదు. ఏం చెయ్యాలో కట్టుబాట్లలో లేదు.

"రాఘవులు బావ వెయ్యాలి," అన్నాడు కృపానందం.

"చదివేవాడికి కాయ లేదన్నావు కదా బావా," అన్నాడు రాఘవులు.

"ఇయ్యాళ ఉంది. ఆకరి రోజు కదా."

పదిమందీ చెయ్యి ఆపారు. కొట్లో ఒక్క పోటు కూడా వినపడలేదు. ఎటు వేసినా అరవైయే అని రాఘవులుకి తెలుసు. తన రాశిలోంచి, అయిదు పోట్లకి ఒలిచిన ఆ కాయ తీశాడు. కుడివైపు వేశాడు. పడవ వైపు. భుజం తెగినవాణ్ణి రేవులో నిలబెట్టడానికి అతనికి మనసొప్పలేదు.

చిన్నబ్బాయి ఉమ్మేశాడు. "పారిపోమన్నావన్నమాట."

రాఘవులు యాభై ఎనిమిది చదివాడు. ముగ్గురూ ఇంకో పడవలో వెంటపడ్డారు. అరవైకి తిప్పాడు. అచ్చు కళ్లముందు ఉంది. దాన్ని చూస్తూ, అందులో లేనిది చదివాడు.

"సింగన్న ఏటిలోకి జారాడు. గుర్రపుడెక్క కింద తలపెట్టాడు. ముక్కు ఒక్కటే పైకి. ముగ్గురూ తెడ్లతో నీళ్లు కుళ్లబొడిచారు. చచ్చాడనుకున్నారు. పడవ తిప్పుకుని వెళ్లిపోయారు. గుర్రపుడెక్క మెల్లగా కిందికి కదిలింది. ఇంకా ఉంది."

చివరి రెండు మాటలు నోట్లోంచి ఎలా వచ్చాయో అతనికే తెలియలేదు. ఆ మాటల్లో తన గునపం, తాటాకులు, రోజువారీ వెయ్యి కాయలు ఉన్నాయని మాత్రం తెలుసు.

కృపానందం ముడుచుకున్న వేళ్లతోనే తొడ చరిచాడు. ఎవడో ఈలేశాడు. చిన్నబ్బాయి రెండు కాయలు వరసగా ఒలిచాడు. మూడోది రాఘవులు రాశిలోకి విసిరాడు.

"డెక్క కిందా," అన్నాడు కాసేపటికి. "బానే ఉంది. ఆళ్లు పడుకున్నప్పుడు వస్తాడు."

పన్నెండున్నరకి రావులపాలెం నుంచి లారీ వచ్చింది. డ్రైవరు నాగసతీష్, పదో తరగతి దాకా చదివినవాడు. దిగుతూనే మొహం కడుక్కుని, జరిగింది చెప్పాడు.

"మార్కెట్లో పొద్దున్న పెద్ద గొడవయిపోయిందండి. పుస్తకాల కట్ట నడిరోడ్డు మీదేసి తగలెట్టేసేరు. అమ్మినోణ్ణి చెంపలు వాయగొట్టేరు, ఆడేం రాసేడా పాపం. ఆ తరవాత ఆళ్లలో ఆళ్లకే పడింది. నువ్వు అటన్నావంటే నువ్వు ఇటన్నావని. గెలలు కోసే కత్తులండి. ఒకడికి ఇక్కడ్నుంచి ఇక్కడిదాకా తెగిపోయింది." భుజం మీంచి మోచేతి దాకా గీత గీసి చూపించాడు. "అల్లవరంలో అయితే పుస్తకానికి రాయి కట్టి చెరువులో ముంచేసేరంట. రాసినోడి ఊరు కనుక్కుంటున్నారంట."

"ఎందుకండీ అంత కోపం?" అంది సత్యనారాయణమ్మ.

"చంపేసేడు కదండీ సింగన్నని."

"మీవాడు చచ్చేడేమో. మావాడు బతికేడు," అన్నాడు కృపానందం.

నాగసతీష్ నవ్వాడు. "ఎలా బతుకుతాడండీ? ఎటెళ్లినా అరవైయే. ఒంటికన్నోడూ అక్కడే, పెళ్లయినోడూ అక్కడే. మా మార్కెట్లో అన్ని దార్లూ తిప్పి చూసేకే తగలెట్టేరు."

రాఘవులు గునపం ముందు నిలబడి ఉన్నాడు. చిన్నబ్బాయి వచ్చి అతని లుంగీ మడతలోంచి పుస్తకం లాగాడు. తనకి చదువు రాదు. నాగసతీష్ చేతిలో పెట్టాడు.

"అరవై."

నాగసతీష్ చదివాడు. "తెడ్డు దెబ్బకి సింగన్న తల పగిలింది. ముగ్గురూ జుట్టు పట్టి ఏటిలో ముంచారు. బుడగలు ఆగేదాకా ముంచి ఉంచారు. ఏరు ఎప్పటిలాగే పారింది. లంక సింగన్న కథ సమాప్తం."

"గుర్రపుడెక్క?"

"డెక్క లేదండి."

చిన్నబ్బాయి రాఘవులు వైపు తిరిగాడు. "ఏడాదంతా ఇలాగే చదివేవా?"

"లేదురా. ఇదొక్కటే."

"నమ్మమంటావా? మేం ఏసిన కాయలు మాయా, నీయా?"

"మీయే. ఇదొక్కటే మార్చేను."

"మునసబుని చంపింది నిజవేనా?"

ఆ మాట అడిగినప్పుడు చిన్నబ్బాయి గొంతు చిన్నపిల్లాడి గొంతులా పలికింది. రాఘవులు "నిజవేరా" అన్నాడు. అది నిజమే. కానీ అప్పటికే చిన్నబ్బాయి చెయ్యి లేచింది.

మొదటి దెబ్బ చెవి కింద పడింది. రాఘవులు డొక్కల మీద పడ్డాడు. రెండోది పాదంతో పక్కటెముకల మీద. "ఎలాగూ చచ్చేవోడే కదా. నిలబడి చచ్చేవోడు. నీ కాయ మూలాన పడవలో నక్కి చచ్చేడు." మాటకొక తన్ను. కృపానందం వెనకనుంచి పట్టుకోబోయాడు. ముడుచుకున్న వేళ్లకి పట్టు చిక్కలేదు. నిలబడాలన్నవాళ్లలో ఒకడు, "పడవన్నది నువ్వే కదరా ముందు," అంటూ కృపానందాన్ని మెడమీద గుద్దాడు. దాంతో అయిదుగురూ అయిదుగురి మీద పడ్డారు. ఒలిచిన కాయలు విసురుకున్నారు. ఒకడి చెవి తెగి వేలాడింది. ఒకడికి పళ్లు రెండు ఊడాయి. వాటిని చేత్తో తీసి చూసుకుని, మళ్లీ కొట్లాటలోకి దూరాడు.

"గునపాలున్నాయి, చూసుకోండి, గునపాలు," అంటోంది సత్యనారాయణమ్మ, గంప అడ్డం పెట్టుకుని.

చిన్నబ్బాయి రాఘవులుని లేవనెత్తాడు. చొక్కా పట్టుకుని కాదు, రెండు చేతులా పక్కటెముకల దగ్గర, కాయను పట్టుకున్నట్టే. గునపం మీదకి వంచాడు. మొన చొక్కా గుండీని తాకింది. గుండీ టప్పున ఊడి కింద పడింది. రాఘవులు పెనుగులాడలేదు. తలెత్తి, "పట్టు జారకుండా చూసుకోరా, నీకూ తగులుద్ది," అన్నాడు. ముప్పయ్యేళ్లుగా కొత్తవాళ్లందరికీ చెప్పిన మాటే.

చిన్నబ్బాయి అతన్ని మొన మీంచి పైకి లేపాడు. పక్కకి విసిరేశాడు. రాఘవులు తూకం రాయి మీద పడ్డాడు. పక్కటెముక విరిగిన చప్పుడు అందరికీ వినపడింది. కొట్లాట దానికి ఆగింది.

మేస్త్రీ లోపల్నుంచి వచ్చి, చుట్టూ చూసి, "లారీ నిలబడుంది," అన్నాడు.

లోడెత్తారు. నెత్తురు కడుక్కున్నారు. సత్యనారాయణమ్మ చెవి తెగినవాడికి పసుపద్దింది. నాగసతీష్ పుస్తకం ఎక్కడ పెట్టాలో తెలియక తూకం దగ్గర పెట్టి వెళ్లిపోయాడు. రాఘవులు కాలవకి దిగి నోరు పుక్కిలించాడు. నీళ్లు ఎర్రగా పడ్డాయి. రెండోసారి కూడా ఎర్రగానే పడ్డాయి. మూడోసారి పుక్కిలించలేదు.

"ఇంటికెళ్లిపో బావా, మేం సద్దుకుంటాం," అన్నాడు కృపానందం.

"లెక్క తక్కువుంది," అని రాఘవులు గునపం దగ్గరకి వచ్చాడు.

మధ్యాహ్నమంతా పోట్లు మాత్రమే వినిపించాయి. రాఘవులు రాశిలో ఎవరూ కాయ వెయ్యలేదు. అతను ఒక్కొక్క కాయనీ ఏడెనిమిది పోట్లు పొడుస్తున్నాడు. పోటుకీ పోటుకీ మధ్య కళ్లు మూసుకుంటున్నాడు. కుడిచెయ్యి పైకి లేవడం లేదు. కాయను కడుపుతో అదిమి దించుతున్నాడు. మేస్త్రీ రెండుసార్లు గుమ్మంలోకి వచ్చి అతని రాశి చూసి లోపలికెళ్లాడు.

నాలుగు దాటింది. ఎండ కాలవ మీదకి వాలింది. చిన్నబ్బాయి తన గునపం మీదనుంచి తల ఎత్తకుండా అన్నాడు.

"ఎక్కడ తేలేడు?"

రాఘవులు వినలేదనుకుని మళ్లీ అడిగాడు.

"ఆ డెక్క కిందనుంచి. ఎక్కడ తేలేడు బాబాయ్?"

కృపానందం చెయ్యి ఆగింది. మిగతావాళ్లవి కూడా ఒక్కొక్కటే ఆగాయి. కోపం ఎవరి మొహంలోనూ పోలేదు. తెగిన చెవీ, వాచిన పెదాలూ అలాగే ఉన్నాయి. అయినా అందరూ అటే చూస్తున్నారు.

రాఘవులు నవ్వబోయాడు. పళ్ల మధ్య నెత్తురు కనపడింది.

"చెప్తానుండు. ఈ కాయ అవనీ," అన్నాడు.

కాయను గునపం మీద దించాడు. విరిచాడు. ఒక పక్క డొక్క లేచింది. రెండోసారి దించాడు. అలాగే కాయ మీద చేతులు ఆన్చి, చేతుల మీద గడ్డం ఆన్చి ఉండిపోయాడు. ఊపిరి తీసుకుంటున్నాడనుకున్నారు. ఆలోచించుకుంటున్నాడనుకున్నాడు చిన్నబ్బాయి. తొందరపెట్టలేదు. సత్యనారాయణమ్మ డొక్కలు ఎత్తడానికి అటు వెళ్లి, అతని మొహంలోకి చూసి, గంప కింద పెట్టేసింది.

గట్టు మీదకి మోసుకెళ్లారు. చిన్నబ్బాయి కాళ్లవైపు పట్టుకున్నాడు. పోయింది ఊపిరి జబ్బుతోనని మేస్త్రీ చెప్పాడు. షావుకారు గారూ అదే అన్నారు. కొట్లో పదిమందీ అదే చెప్పారు. సత్యనారాయణమ్మని ఎవరూ అడగలేదు.

మర్నాడు పొద్దున్న ఆరింటికి పదిమందీ గునపాల ముందు నిలబడ్డారు. పదకొండో గునపం మీద కాయ అలాగే దిగబడి ఉంది, ఒక పక్క డొక్క లేచి, మిగతా పక్కలు ఇంకా అంటుకుని.